హాలు

ఏడూ నలభైకి మా వీధిలో పసుపు బస్సు ఆగుతుంది.
ఆ రెండు నిమిషాలూ నేను
వంటింటి కిటికీ వైపు తిరగను.
పిల్లలేమో పళ్ళైనా తోముకోకుండా
బాల్కనీ చువ్వల్లోంచి కాళ్ళు వేలాడేసి
ఎక్కేవాళ్ళని పేరుపేరునా పిలుస్తుంటారు.

కింది వాటా పుట్టలక్ష్మమ్మగారు
మెట్ల మీద ఎదురైతే ఒకటే ప్రశ్న,
"యావ స్కూలు?" అని.
మంజీర ఠకీమని "మనె" అంటుంది.
ఆవిడ అదేదో కొత్త కాన్వెంటు అనుకుని
ఫీజెంతని నన్నడుగుతారు.

కపిల్‌కి ఏడు నిండాయి. చదవడం రాలేదింకా.
అక్షరాలన్నీ విడివిడిగా తెలుసు,
నలుగురు పక్కపక్కన నిలబడితేనే
వాడికి మొహమాటం.
మా అత్తగారు ఆ మాట ఎత్తినప్పుడల్లా
ఫోన్లో సిగ్నల్ పోతుంది.
రాత్రుళ్ళు ఈయన నిద్రపోయాక
నేను సీలింగుతో వాదిస్తాను.

మంగళవారం, ఊరంతా పనుల్లో ఉన్నప్పుడు,
కోలారు కొండ చూద్దామని బయల్దేరాం.
పులిహోర డబ్బా, రెండు వాంతి కవర్లు,
చక్రం ఊడిన జేసీబీ బొమ్మ.
హొరమావు రైలు గేటు దాటి
టిన్ ఫ్యాక్టరీ దగ్గర నలభై నిమిషాలు.
తీగల వంతెన కింద మంజీర
ముందు కార్ల నంబర్లన్నీ కూడింది,
కపిల్ ఒక కవరు వాడేశాడు.
"లెక్కల పీరియడ్ అయిపోయింది" అన్నారు ఈయన.
నేను నవ్వలేదు.

హొసకోటె ఇంకా రాకముందే
వెనక టైరు చతికిలబడింది.

తొట్టి నీళ్ళలో టైరు ముంచి
బుడగ లేచిన చోటే చిల్లని
షాపతను మంజీరకు చూపిస్తున్నాడు.
కపిల్ అక్కడ లేడు.
పక్కన పాల బూత్ బోర్డు కింద
మెడ పైకెత్తి నిలబడ్డాడు, చాలాసేపు.
పెదాలు కదులుతున్నాయి.
"హా...
లు.
అమ్మా, హాలు!
హాల్లో పాలెందుకు అమ్ముతున్నారు?"

అవి మన అక్షరాలు కావు.
గుండ్రాలు అవే, తలమీది గీత వేరు.
వాడదేం పట్టించుకోలేదు,
పెళ్ళిలో దూరపు చుట్టాన్ని
ముక్కు చూసి పోల్చుకున్నట్టు పోల్చేశాడు.
ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన మొదటి మాట
కన్నడంలో వచ్చింది,
అర్థం తప్పుగా వచ్చింది,
కళ్ళు తుడుచుకోవడానికి చేతికందింది
గ్రీజు గుడ్డ.

"హాలంటే పాలేరా" అన్నాను.
మంజీర జడ కొస నములుతూ ఆలోచించింది.
"పులి హులి. పాము హావు. పువ్వు హూవు.
అమ్మా, మన 'ప' ఇక్కడికొచ్చి
'హ' అయిపోయింది!"
నేను చెప్పిన పాఠం కాదది.
కూరల బండి దగ్గరా, మెట్ల మీదా
ఎప్పుడు ఏరుకుందో.

ఇక కోలారు ఎవరిక్కావాలి?
చెరువు గట్టున డబ్బా మూత తీశాం.
హులిహోర, అందులో హచ్చిమిరపకాయ,
నాన్న హొట్ట,
హెట్రోలు బంకు.
"పరీక్ష?" అడిగింది మంజీర.
"హరీక్ష!"
దానికి ఇద్దరూ గడ్డిలో పడి దొర్లారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తిరుగు దారిలో వానకి రోడ్డంతా ఎర్ర లైట్లు.
రెండో కవరు అవసరం పడలేదు.

మర్నాడు ఏడూ నలభై.
బాల్కనీలోంచి కేక,
"అమ్మా, హసుపు బస్సొచ్చింది!"
ఎక్కబోతున్న పిల్లాడొకడు
మెట్టు మీదే ఆగి పైకి చూశాడు,
ఏం బస్సు అన్నట్టు.
చూస్తూ ఉండిపోయాను నేను, కిటికీ పట్టుకుని.
వెనకాల పొయ్యి మీద
హాలు పొంగిపోయాయి.