తెడ్డు

ఈ రాత్రి మళ్ళీ మోటారు సైకిళ్ళు.
పెదజాలారిపేట సందులో
నా గుమ్మం దగ్గరకొచ్చేసరికి
కావాలనే నెమ్మదిస్తాయి.
పదకొండు దాకా లెక్కపెట్టి మానేశాను.

రేపు కోర్టులో నేను చెప్పాల్సింది ఒక్కటే మాట:
తాతయ్యలు పడవకి నిప్పెట్టింది ఎవరో చూశానని.
చూశాను. మొహాలన్నీ ఎరిగినవే.
"ఆడకూతురివి, నీకెందుకే" అన్నారు కులపెద్దలు.
"తెల్లారేదాకా ఉంటావా" అన్నారు వాళ్ళు.
ఎస్సైగారు నెంబరిచ్చారు.
అక్కడ మోగుతూనే ఉంది.

తలుపుకి గడియ లేదు.
ఎండు కవ్వళ్ళ గంప అడ్డం పెట్టాను.
ఆ కంపుకి పారిపోతారా ఏటి!
నవ్వొచ్చింది,
ఆ నవ్వు వెనకాలే వణుకొచ్చింది.

అప్పన్నా,
సింహాచలం ఎక్కి నీ కప్పస్తంభాన్ని
ఒకే ఒక్కసారి కౌగిలించుకున్నాను,
పిల్లాడి జొరం తగ్గాలని.
చేతులు అందలేదు. వెనకాల జనం విసుక్కున్నారు.
ఇంట్లో స్తంభం ఎక్కడిది నాకు?
రేకు కూలకుండా మా మావ నిలబెట్టి పోయిన
విరిగిన తెడ్డుంది.
ఉప్పు తిని తిని నునుపెక్కిన కర్ర.
దాన్నే పట్టుకున్నాను.

స్తంభంలోంచి వచ్చినవాడివి,
తెడ్డుని చులకన చేస్తావా?

గోళ్ళతో మాత్రం రాకు సామీ.
వాళ్ళల్లో ఒకడు
చిన్నప్పుడు నా చేతి పులుసు తిన్నాడు.
నీ చందనం నువ్వు ఒలుచుకోవద్దు.
అందులో గోరంత నా నాలిక్కి రాయి,
రేపు బోనులో అది పిడచగట్టకుండా.

ఇంజన్లు ఆగాయి, గుమ్మం ముందే.
సముద్రం ఆగలేదు.
తెడ్డు పట్టుకునే ఉన్నాను.
అటువైపు ఇంకెవరో పట్టుకున్నట్టుంది,
బరువు సగమే తెలుస్తోంది.