తెలియనివాటి డబ్బా

"వేరు చూసి వేరు చెయ్యి," అంటుంది ఇజ్జా.
"మొన చూసి మోసపోతారు అందరూ.
మొనకి మెరవడం ఒక్కటే తెలుసు."

ఔద్ జెమ్ ఊరి చివర, రేకుల షెడ్డు కింద
రెండు గోనెసంచుల పళ్ళు
గుమ్మరించాడు బూజెమా.
మోపెడ్ ఇంజను ఇంకా చల్లారలేదు.
ఫాస్ఫేట్ గని పారబోసిన దిబ్బల్లో
మూడు రోజులు జల్లెడ పట్టిన సముద్రం.
కిలోల లెక్కన.

అసలు సముద్రాన్ని ఇజ్జా ఒక్కసారే చూసింది
కాసాబ్లాంకా ఆస్పత్రికి వెళ్తూ, బస్సు కిటికీలోంచి.
చిన్నదిగా ఉందంది.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమంటారు గానీ
ఇక్కడ పళ్ళే రాళ్ళు,
ఏ రాయైతేనేమంటే ఆమె ఊరుకోదు.

నున్నటి అంచు, బలిసిన వేరు,
తల్లి కొంగు చెరోవైపు పట్టుకున్నట్టు రెండు పిల్లమొనలు:
ఒటోడస్. నీలం పళ్ళెంలోకి.
సన్నగా, పొడుగ్గా, లోపలివైపు
తడిజుట్టు దువ్వినట్టు గీతలు
(కంటికి ఆనవు, గోటికి ఆనతాయి):
ఇసుక సొర. టీ గ్లాసులోకి.
నిటారుగా ఉంటే నోటి ముందుది.
వాలితే, వాలిన వైపే నోటి మూల.

ఒక పక్కకి ఒరిగి, చుట్టూ రంపం కోరలున్నది
నా అరచేతిలోంచి తీసేసుకుంది.
"కాకి సొర. కింది పొరది.
ఒటోడస్ పుట్టకముందే దీని వంశం పోయింది.
రెండూ ఒకే సంచిలో ఎలా కలిశాయి?"
ఒకే గొయ్యి అని ప్రమాణం చేసిన బూజెమా
తల గోక్కున్నాడు.

తిరగలిలా అరిగిన పలక ఒకటి, టేకుచేపది.
కొనే నాథుడు లేడు.
అయినా దానికో పళ్ళెం ఉంది, ఎప్పుడూ నిండుగానే.

అనుమానం వస్తే నాలుకకి ఆనిస్తుంది.
వేరు నాలుకని పట్టుకుంటే నిజం.
జిగురైతే జారుతుంది, చేదు.
ఆమె నోట్లో మిగిలినవి నాలుగు.
"సొరకి పోయిన చోటల్లా ఇంకోటి వస్తుంది,
దేవుడు ఆ నోటికే అంత ఎందుకిచ్చాడో," అని
ఆ నాలుగూ కనబడేలా నవ్వుతుంది.

చివర్న బూజెమా జేబులోంచి
గుడ్డలో చుట్టింది తీశాడు. అరచెయ్యంత.
"మరాకేష్‌లో మార్పిడికి దొరికింది.
ఇది కిలోల్లో కాదు."

ఇజ్జా బొటనవేలు అంచు వెంబడి నడిచింది,
రంపం, రంపం, రంపం,
వేరు దగ్గరికొచ్చి ఆగింది.
నాకూ తెలిసింది: మొన ఒక జాతిది, వేరు ఇంకోదానిది.
అతుకు మీద ఫాస్ఫేట్ పొడి,
టీ వడగట్టుతో జల్లి
కుడి నుంచి ఎడమకి ఒకే ఒక్క తుడుపు.

నాలుకకి ఆనించింది.
చాలాసేపు ఆనించే ఉంచింది.

హద్దూ పోయి ఆరేళ్ళు.
ఆయన ఎడమచేతివాటం అని
షెడ్డు గోడకి కుడివైపు కొట్టిన మేకులు చూస్తే తెలుస్తుంది.
అతికినవి ఎన్ని అమ్మాడో
ఆమె ఎప్పుడూ అడగలేదట,
ఆయన ఎప్పుడూ చెప్పలేదట.

"ఎంత?" అంది.
బూజెమా నిజం పన్ను ధర చెప్పాడు.
బేరమాడలేదు.
సాయంత్రం పిండి కొనాల్సిన నోట్లు కూడా లెక్కపెట్టి ఇచ్చేసింది.
వాడు భయపడి ఒక నోటు వెనక్కిచ్చాడు.

"ఏ పళ్ళెం?" అన్నాను.
జవాబు లేదు.
మూలనున్న సార్డీన్ల డబ్బా, తెలియనివాటిది,
మూత తీసింది, పెట్టింది, మూసింది.

ఆమె నమాజుకి లేచాక
నేనూ తీసి నాలుకకి ఆనించి చూశాను.
జారింది. చేదు.
తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో వంచితే
జిగురులో గట్టిపడిపోయిన
వేలిముద్ర, సగం.