తొడిమ

బ్రాడీపేట నాలుగో లైనులో జిరాక్సు షాపు కుర్రాడు
దరఖాస్తు రెండు కాపీలు తీసి
"పీహెచ్‌డీనా మేడం, లెక్చరర్ పోస్టుకా?" అన్నాడు.
కాదు, పాలసీ రీసెర్చికి అన్నాను.
అదేం ఉద్యోగమో అతనికి తెలీదు.
పదకొండేళ్లుగా చేస్తున్నాను, నాకూ
ఒక్క వాక్యంలో చెప్పడం రాదు.

ఇదిగో, ఇలాంటిది:
పోయిన వేసవి ఏటుకూరు రోడ్డులో
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య
ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాను.
నూట ఎనభై రెండు ప్రశ్నలు.
మొదటి ప్రశ్నకే తుమ్ములు.
వాళ్లు నవ్వారు, ఎవరో తడిగుడ్డ ఇచ్చారు.
కిలోకి ఎంత, రోజుకి ఎన్ని కిలోలు,
మేస్త్రీ ఎంత పట్టుకుంటాడు,
అన్నిటికీ జవాబు చెప్పింది మస్తాన్‌బీ, చేతులాపకుండా.
మధ్యలో, అడక్కుండానే,
"రాత్రిళ్లు చంటోణ్ణి ముట్టుకోనమ్మా, మంటకి ఏడుస్తాడు.
మోచేతుల్తోనే ఎత్తుకుంటా" అంది.
ఆ మాటకి ట్యాబ్‌లో గడి లేదు.
'ఇతర వ్యాఖ్యలు'లో కుక్కాను.
అరవై అక్షరాలు దాటాక
అది ఇంక తీసుకోలేదు.

రిపోర్టు విజయవాడ హోటల్లో విడుదలైంది.
అట్ట మీద ఇద్దరు డాక్టర్లు.
ఒకరు ఆ షెడ్డు చూడలేదు.
రెండో ఆయన, యేసురత్నం గారు, చూశారు,
నాకంటే ఎక్కువ రోజులే. అది ఒప్పుకోవాలి.
నా పేరు కృతజ్ఞతల్లో, డ్రైవరు పేరుకి పైన.
మోచేతులు ఏ పేజీలోనూ లేవు.
టీ దగ్గర ఒక పెద్ద ఆఫీసరు
కూలి లెక్క ఎలా కట్టారని అడిగారు.
కట్టింది నేనే. నోరు తెరిచాను.
ఆయన కళ్లు నా మెడలో బ్యాడ్జి చదివి
మర్యాదగానే పక్కకి జరిగాయి.

"చెయ్యమ్మా" అన్నారు యేసురత్నం గారు,
కారు కోసం ఎదురుచూస్తూ.
"నాకు ఏడేళ్లు పట్టింది.
మా గైడు గారింటికి గ్యాస్ బుక్ చేసింది నేనే.
థీసిస్ మా అమ్మాయికి చదివి వినిపిస్తే నిద్రపోయింది.
అయినా ఆ రెండక్షరాలు లేకపోతే
మా పేటవాడికి ఆ కుర్చీ ఎవడిస్తాడు?
నాకది గొడుగు.
నీ మీద ఏ వాన పడుతోందో
నువ్వే చూసుకోవాలి."

మా భ్రమరాంబ మూడో ఏడు వదిలేసింది.
ఎందుకని అడిగితే
పెసరట్టు తుంచుతూ ఉండిపోయింది చాలాసేపు.
"ఎందుకు మొదలెట్టానో గుర్తురాక" అంది.

నిన్న మళ్లీ షెడ్డుకి వెళ్లాను, ట్యాబ్ లేకుండా.
మస్తాన్‌బీకి చెప్పాను.
"ఎన్నేళ్లు?"
ఐదు.
"జీతం పెరుగుద్దా?"
ఈ ఐదేళ్లూ తగ్గుతుంది. ఆ తర్వాత ఏమో.
కాయని వెలుగుకేసి పట్టుకుని చూసింది.
"దీనికేమో తొడిమ తీస్తే రేటు.
మీకు తగిలిస్తే రేటా? ఏందమ్మా ఇది!"
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను,
ఆ నవ్వు దగ్గులోకి పోయింది.

గుణదల గదిలో రాత్రి పదకొండు.
ఐదేళ్లకి ఆ చంటోడు బడికెళ్తాడు.
కిలోకి రెండు రూపాయలు పెరిగినా
నా థీసిస్ చదివి మాత్రం పెంచరు.
ఇది నాకు తెలుసు.
తెలియనిది ఒక్కటుంది:
చెయ్యి ముట్టుకోనిదాన్ని లెక్కపెట్టడం.
కూలి లెక్క వచ్చు, సగటు వచ్చు,
అది మాత్రం రాదు.
నేర్పేవాళ్లు ఉన్నారో లేదో ప్రాస్పెక్టస్‌లో లేదు.
ఆ బ్యాడ్జి కూడా కావాలి నాకు,
అబద్ధమెందుకు.

దరఖాస్తు మొదటి గడి:
శ్రీ / శ్రీమతి / కుమారి / డా.
వర్తించనివి కొట్టివేయుము.
దాన్నలాగే వదిలేసి
'పరిశోధనాంశం' దగ్గర
పెన్సిలుతో 'మోచేతులు' అని రాశాను.
చెరపలేదు. పెన్నుతో దిద్దనూ లేదు.
ఆఖరి తేదీ ఇరవై ఎనిమిది, ఇవాళ పందొమ్మిది.
లైటు ఆర్పబోతూ
మరిచిపోయి కన్ను రుద్దుకున్నాను.