లేకపోతే

మారతహళ్లిలో కర్రీ పాయింట్ పై అంతస్తు,
ఆదివారం సాయంత్రం క్లాసు.
కింద మిరపకాయల పోపు పడింది,
గదంతా తుమ్ములు.

ఇదే పాఠం, అన్నాను.
తుమ్మితే ఆగు, లేకపోతే బయల్దేరు:
మీ అవ్వలకి ఎప్పుడో వచ్చిన ప్రోగ్రాం.
ఇంగ్లీషు ఇఫ్ ముందే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.
మన 'తే' క్రియ తోక పట్టుకుని
చివర్న దిగుతుంది.
మెషీన్‌కి అవును, కాదు, రెండే వినిపిస్తాయి.
"చూద్దాంలే" అంటే దానికి తెలీదు.

అందరూ వాన, గొడుగు రాశారు.
గార్మెంట్స్ షిఫ్టు దిగి వచ్చిన చౌడేశ్వరి,
చున్నీకి ఇంకా దారప్పోగులు,
ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది:

ట్యాంకర్ వస్తే
    రెండు డ్రమ్ములు నింపు
లేకపోతే

అక్కడ ఆగింది. కర్సర్ కొట్టుకుంటోంది.

"ఈడ ఏం రాయాల సార్?
రాకపోతే మేమేం జెయ్యం. కూచుంటాం, అంతే."

ఖాళీగా వదిలితే తప్పు పడుతుంది, అన్నాను.
పోనీ 'లేకపోతే' తీసేస్తే
కిక్కురుమనకుండా కింది లైనుకి పోతుంది.
కింది లైనులో ఏముంది?
"బియ్యం కడుగు."

"నీళ్లు లేకనే?"
పడీపడీ నవ్వింది. పక్క బెంచీ కూడా.

ఎదురుచూడమనడానికి వేరే మాటుంది,
వచ్చే ఆదివారం చెప్తానన్నాను.

"అది మాకొచ్చు సార్," అంది
చెప్పులు వెతుక్కుంటూ,
"రాసేదే రాదు."