కోనియో లేదంటుంది సార్

మార్కాపురం పాలిటెక్నిక్, రెండో అంతస్తు ల్యాబు.
వేసవి సెలవుల్లో ఎవరో వచ్చి
ముప్ఫై కంప్యూటర్లలో లినక్స్ వేసి పోయారు.
నీలం తెర పోయింది.
పంతొమ్మిదేళ్ళు కళ్ళు మూసుకుని చెప్పిన పాఠం
రెండో లైన్లోనే ఆగిపోయింది.

"కోనియో డాట్ హెచ్ లేదంటుంది సార్."
మస్తాన్‌బీ.
భయపడి కాదు,
కొట్లో ఉప్పు నిండుకుందని చెప్పినట్టు.

అది ఆ ఇంటి సామానమ్మా.
ఇల్లు మారితే గోడకు దిగ్గొట్టిన మేకు వెంట రాదు.

ఆ రాత్రి ల్యాబులో నేనే విద్యార్థిని.
తెర తుడవాలంటే
ఎస్కేప్, ఒక బ్రాకెట్, రెండు, పెద్ద జె.
తుడిచింది గానీ
కర్సర్ ఉన్నచోటే నిలబడింది,
కసువు ఊడ్చి చీపురు నడింట్లో వదిలేసినట్టు.
దాన్ని మూలకు పంపడానికి ఇంకో మాట, పెద్ద హెచ్.
పైకి జరిపి చూస్తే
తుడిచానన్నవన్నీ అక్కడే ఉన్నాయి.

"పలకా అంతేగా సార్" అంది తెల్లారి.
వాళ్ళ నాయన కాశింవలిది పలకల ఫ్యాక్టరీలో సానపట్టే పని.
"తడిగుడ్డతో తుడిచి ఎండకు ఏటవాలుగా పట్టుకో,
పాత గీత అగుపడుద్ది."

ఎంటర్ కొట్టకుండా ఒక్క అక్షరం అందుకోవాలంటే మాత్రం
టెర్మినల్‌ని బతిమాలాలి:
వరుస నిండేదాకా ఆగొద్దు,
నేను నొక్కింది నాకే తిరిగి చూపించొద్దు,
పనయ్యాక మళ్ళీ ఎప్పట్లా ఉండు.
ఆ మూడోది మరిచాను.
ఏం కొట్టినా తెర మీద ఏమీ లేదు,
అన్నీ లోపలికి పోతున్నాయి, పలుకు లేదు.
కరెంటు పోయిన ఇంట్లో తాళంకప్ప తడుముకున్నట్టు
ఆర్, ఈ, ఎస్, ఈ, టి.
చూపొచ్చింది.

ఇంతా నేర్చుకుని బోర్డు మీద రాస్తుంటే
మస్తాన్‌బీ అడిగింది,
"చివర్లో గెట్‌సీహెచ్ ఎందుకు రాస్తాం సార్?"
జవాబు పడ్డాక తెర పారిపోకుండా.
"ఇక్కడ పారిపోట్లేదుగా."

సుద్దముక్క అలాగే పట్టుకుని నిలబడ్డాను.
పంతొమ్మిదేళ్ళ రికార్డు పుస్తకాలు,
ప్రతి ప్రోగ్రాం అడుగునా అదే లైను, పక్కన నా ఎర్రసిరా టిక్కు.
అది రాయలేదని ఒకేడు
తర్లుపాడు కుర్రాడికి ఒక మార్కు కోశాను.
గాలెయ్య.
వాడి జవాబు సరిగ్గానే వచ్చింది,
తెర వెనక.