ఆరు బండలు

బేతంచెర్లలో మా బడి ప్రహరీకి అవతలే
పాలిష్ ఫ్యాక్టరీ.
రంపం మొదలైతే ఎక్కాలు వినపడవు.
ఇరవై రెండేళ్ళు దానికంటే గట్టిగా అరిచాను.
సాయంత్రానికి గొంతులో బండపొడి.
నా గది మాత్రం గమ్మున ఉండేది,
గమ్మునుంటే చదువనుకునేవాణ్ణి.

జూలైలో ఐదో తరగతికి షంషాద్ టీచరొచ్చింది.
వారం రోజులు పాఠమే లేదు.
రంపం ఎప్పుడు మొదలై ఎప్పుడాగుతుందో
పిల్లలతోనే రాయించింది.
"వాళ్ళు కోసేటప్పుడు మనం రాద్దాం,
బ్లేడు మార్చేటప్పుడు మాట్లాడుకుందాం."
ఆ గదికి అదే టైంటేబులు.

కుర్చీని వంటామెకిచ్చేసింది.
నేల మీద నలభై బండలు, ముప్పైనలుగురు పిల్లలు.
తలా ఒక బండ, తలా ఒక సుద్దముక్క.
మిగిలిన ఆరూ తప్పులకు.
ఎవరి తప్పు వాళ్ళే వచ్చి అక్కడ రాస్తారు,
పేరుండదు.
శనివారం దాకా చెరపరు,
వాననీటి గుంటను దాటినట్టు
దాటుకుంటూ తిరుగుతారు.

ఒకనాడు, రంపం ఆగిన వేళ,
ఆ గోల భరించలేక లేచి పోయాను.
బెత్తం చేతిలోనే ఉంది.
గడపలో నిలబడితే ఎవరూ లేచి నిలబడలేదు.
మద్దిలేటి ఒక్కడు తలెత్తి
"సార్, అదొకసారి ఇయ్యండి" అని లాక్కున్నాడు,
బండ పొడవు కొలవడానికి.
రెండడుగులకు వేలెడు తక్కువ.
అన్నేళ్ళు పట్టుకున్నానా,
దాని కొలత నాకు తెలీదు.

మూలనుంచి సుంకులమ్మ అడిగింది,
వాళ్ళమ్మ ఆ ఫ్యాక్టరీలోనే బండలు మోస్తుంది:
"పగిలిన బండకు కూలియ్యరు సార్.
సగం మోసినట్టా, మోయనట్టా?
ఆ సగం లెక్కలో యాడ పెట్టాల?"

భిన్నాలు నేను వందసార్లు చెప్పినవాణ్ణి.
లవం, హారం, మధ్యన గీత.
గీతకింద ఒక మనిషి ఉంటుందని
ఎవరూ అడగలేదు, నేను అడగనివ్వలేదు.
"తెలీదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అదే వింత.
షంషాద్ టీచర్ ఏమీ అనకుండా
చిన్న సుద్దముక్క చేతిలో పెట్టి
ఆ ఆరింటిలో ఖాళీగా ఉన్న బండ చూపించింది.
మోకాళ్ళు కటకటమంటే కూర్చున్నాను.
రాయి చల్లగా ఉంది.

రంపం మళ్ళీ మొదలైంది, అందరం రాశాం.
రంపం ఆగింది.
మాట్లాడుకునే వేళైందని
ముప్పైనాలుగు ముఖాలు నావైపు తిరిగాయి.

నేనింకా రాస్తూనే ఉన్నాను.