పిట్టగోడ దగ్గర

యారాడ కొండ మొదటి మలుపులోనే
మోపెడ్‌కి ఆయాసం వచ్చింది.
"దిగనా?" అంటూనే దిగిపోయి
చెప్పులు చేత పట్టుకుని
బండి కంటే ముందు నడిచింది నూకరత్నం.
సింధియాలో కట్టించిన పులిహోర పొట్లం
ఆమె సంచిలో, నీళ్ల సీసా పక్కన.

మల్కాపురం నుంచి ఈ కొండకి ఎంత?
టీ చల్లారేలోగా రావచ్చు.
మాకు ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

రెండోసారి ఆగింది జీడిమామిడి చెట్ల కింద.
బుట్ట ముందేసుకుని ఓ కుర్రాడు.
పండు కొరికి, గొంతు పట్టేసి నేను దగ్గుతుంటే
"ఉప్పద్దుకోవాల తాతా" అన్నాడు.
తాతట!
రిటైరై పద్దెనిమిది రోజులే నాకు.

పైన సిమెంటు పిట్టగోడ దగ్గర అందరూ ఆగుతారు.
మొక్కజొన్న పొత్తుల పొగ, సెల్ఫీ కర్రలు.
కొత్త జంట ఒకటి ఫోన్ నా చేతికిచ్చి
"వెనకాల షిప్పులు పడాలి అంకుల్" అంది.
షిప్పులు పడ్డాయి.
వాళ్ల తలలు సగమే పడ్డాయి.

కింద పోర్టు.
ఖనిజం ఎర్రగా, బొగ్గు నల్లగా, కుప్పలు కుప్పలు.
దుకాణం సర్దుతూ ఎవరో మధ్యలో లేచిపోయినట్టు
రంగురంగుల కంటైనర్లు.
నీటి అంచున కొంగల్లా క్రేన్లు.
అలాంటి కొంగ కంట్లో కూర్చునే
ఇన్నేళ్లూ ఈ కొండని చూశాను:
వానల్లో దీని పచ్చ, మాఘంలో దీని మంచు,
వేసవి రాత్రి గడ్డి అంటుకుంటే
చీకటికి ఎర్రటి జరీ అంచు.
కొండ మీంచి నేనెలా కనిపిస్తానో
ఒక్కనాడూ తోచలేదు.

"నీదేది?"
వేలు చాపాను. చాపి, కాస్త పక్కకి జరిపాను.
నా క్రేన్‌ని ముక్కలు కోసి
తూకానికి అమ్మేశారని ఇంట్లో చెప్పలేదు.
అదిగో, ఆ పసుపుది, అన్నాను.

"అది కాదు. దాని ఎడంపక్కనుండీది నీది.
పోయిన ఉగాది కాణ్ణించి కనపడ్డం లేదు.
నువ్వే చెప్తావని అడగలేదు.
డాబా మీద బట్టలు తీస్తూ రోజూ చూసీదాన్ని కదేటి?
డూటీ దిగీముందు రెండుసార్లు
లైటు ఆర్పి ఎలిగించీవోడివి నాకోసరం.
అప్పుడే కదా ఎసరెట్టీదాన్ని."

లైటు ఆర్పి వెలిగించడం రూలు.
తర్వాతి షిఫ్టువాడు మెట్లెక్కొచ్చని గుర్తు.
నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటని
పులిహోర ముద్దతో లోపలికి తోసేశాను.
మిరపకాయ కూడా పోయినట్టుంది,
నీళ్ల సీసా అందుకున్నాను.

అవతలి వైపు దిగుతుంటే
రోడ్డు ఒక్క వంపు తిరిగి
కొబ్బరి తలల మీదుగా సముద్రాన్నంతా
ముందు పెట్టేసింది.
"ఆపీ" అంది. ఆపాను.
"పద" అంది. కదిలాం.
నాలుగు బారలు పోలేదు, మళ్లీ "ఆపీ".

ఈ బండికి హెడ్‌లైటు వెలగదు,
చీకటి పడేలోగా కొండ దాటాలి, అన్నాను.
విననట్టే,
కొంగు గాలికి వదిలేసి
కింద పడవలు లెక్కపెడుతోంది.